పని సంస్కృతి ఎలా రూపొందుతుంది? జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం అనుభవం

ఉపోద్ఘాతం

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతి చెబుతూ విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగాను. వారిలో చాలామంది పగలు ఉద్యోగం చేస్తూ ఆదివారం తరగతులకు వచ్చేవారే. "మీరు పనిచేసే చోట సాయంత్రం ఎన్నింటికి బయలుదేరతారు?" అన్నాను. ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా ఉన్న యువకుడు లేచి, "రూలు ప్రకారం ఐదున్నరకు సార్. కానీ మా మేనేజరుగారు కుర్చీలోంచి లేచేదాకా ఎవరూ లేవరు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అందరికీ అలాంటి అనుభవం ఉన్నట్టే ఉంది. "ఆ పద్ధతి ఎవరు పెట్టారు?" అని అడిగాను. "తెలీదు సార్. నేను చేరేసరికే ఉంది" అన్నాడు.

ఈ పాఠం ఆ జవాబు దగ్గరే మొదలవుతుంది. ఒక సంస్థలో పనిచేసేవారు ఒకరి నుంచి ఒకరు ఏమి ఆశిస్తారు, దేనిని న్యాయమనుకుంటారు, దేనికి ఊరుకుంటారు, దేనికి తిరగబడతారు అన్నవన్నీ కలిపి 'పని సంస్కృతి' అంటున్నాం. నియమావళిలో రాసి ఉన్నది ఇందులో కొంత భాగమే. మిగతాదంతా కొత్తగా చేరినవాడు పాతవారిని చూసి నేర్చుకునేది. అది చేరేసరికే ఉంటుంది కనుక ఎప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుంది. చరిత్ర విద్యార్థి మాత్రం అక్కడ ఆగకూడదు. ఎప్పటి నుంచి ఉంది, ఎవరి అవసరం కోసం వచ్చింది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అని అడగాలి.

ఇందుకు మనం తీసుకుంటున్న ఉదాహరణ టాటా ఉక్కు కంపెనీ. జంషెడ్‌పూర్‌లోని ఈ కర్మాగారంతో తెలుగువారికి సంబంధం కూడా ఉంది. బెంగాల్-నాగపూర్ రైలు మార్గం వాల్తేరును ఖరగ్‌పూర్‌తో కలిపిన తర్వాత ఉత్తర కోస్తా జిల్లాల నుంచి వేలమంది పని వెతుక్కుంటూ అటు వెళ్లారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరినవారు చేరగా, మరికొందరు జంషెడ్‌పూర్ దాకా వెళ్లారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా అక్కడే ఉన్నాయి.

నాగపూర్ మిల్లు అనుభవం

ఉక్కు కంటే ముందు జంషెడ్‌జీ టాటా నూలు మిల్లు నడిపాడు. నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు 1877 జనవరి 1న మొదలైంది. ఆ రోజుల్లో మిల్లు యజమానిని ముందుగా వేధించిన సమస్య యంత్రాలది కాదు, హాజరుది. పొలం పనుల రోజులు వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, జాతర జరిగినా కూలీలు మిల్లుకు రారు. సూర్యుడిని, రుతువులను బట్టి పనిచేసే మనిషి గంట మోగగానే రావాలంటే ఎందుకు వస్తాడు? చాలా మిల్లుల్లో దీనికి జరిమానాలు, తిట్లు, దెబ్బలు మందుగా వాడారు. ఎంప్రెస్ మిల్లు యాజమాన్యం మరో దారి పట్టింది. క్రమంగా వచ్చేవారికి బహుమతులు పెట్టింది. 1886లో పింఛను నిధిని, 1895లో ప్రమాద పరిహారాన్ని ప్రవేశపెట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది దయా, లాభాపేక్షా అని విద్యార్థులు ప్రతి ఏడూ అడుగుతారు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న వేసిన తీరే సరికాదు. కూలీ నిలబడాలన్నది యజమాని అవసరం. ఆ అవసరాన్ని తీర్చుకోవడానికి అతడి ముందు రెండు మూడు దారులుంటాయి. ఏ దారి ఎంచుకున్నాడన్న చోట అతడి స్వభావం పనిచేస్తుంది. అవసరాన్ని, స్వభావాన్ని విడదీసి చూస్తే రెండూ అర్థం కావు.

సాక్చీలో పునాదులు

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని ఇనుప ఖనిజం గురించి జంషెడ్‌జీకి లేఖ రాశాడు. అదే ఏడాది మే నెలలో జంషెడ్‌జీ మరణించాడు. కంపెనీని స్థాపించింది ఆయన కుమారుడు దొరాబ్జీ, బంధువు ఆర్.డి. టాటా. స్వదేశీ ఉద్యమపు వేడి ఇంకా చల్లారని 1907లో వాటాలు అమ్మకానికి పెడితే మూడు వారాల్లో పెట్టుబడి సమకూరింది. 1908లో సాక్చీ గ్రామం దగ్గర పనులు మొదలయ్యాయి. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వచ్చాయి.

జంషెడ్‌జీ 1902లోనే కుమారుడికి ఒక లేఖ రాశాడు. కార్మికుల ఊరు ఎలా ఉండాలో అందులో చెప్పాడు. వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండాలనీ, గుళ్లకూ మసీదులకూ చర్చిలకూ చోటు వదలాలనీ కోరాడు. సంస్థ గురించి రాసినవారంతా ఈ లేఖ దగ్గరే మొదలుపెడతారు. స్థాపకుడి మాటకు బలం లేదని నేననను. ఒక సంస్థలో వందేళ్ల తర్వాత కూడా 'ఆయన ఇలా కోరుకున్నాడు' అని యాజమాన్యమూ అనగలిగితే, అదే మాటతో కార్మికుడు యాజమాన్యాన్ని నిలదీయగలిగితే, ఆ మాట పనిచేస్తున్నట్టే లెక్క. కానీ లేఖ ఉన్నంత మాత్రాన ఊరు అలా తయారుకాదు. తొలి ప్రణాళికల్లో ఐరోపా, అమెరికా నిపుణుల బంగళాలు ఊరికి ఉత్తరాన విశాలమైన స్థలాల్లో లేచాయి. మామూలు కూలీలో చాలామంది ఊరి అంచుల్లోని బస్తీల్లో తామే గుడిసెలు వేసుకున్నారు.

రెండు జాబితాలు

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి.

ఎడమ పక్కన కంపెనీ తన గురించి గర్వంగా చెప్పుకునే తేదీలు రాయండి. 1912లో ఎనిమిది గంటల పని. 1915లో ఉచిత వైద్యం. 1917లో పిల్లలకు బడి సౌకర్యం. 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం. 1928లో ప్రసూతి సౌకర్యం. 1934లో లాభాల్లో వాటాగా బోనస్. 1937లో గ్రాట్యుటీ.

వీటిని చట్టాలతో పోల్చితే కంపెనీ గర్వానికి కారణం తెలుస్తుంది. ప్రమాద పరిహార చట్టం 1923లో వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952లో, దేశమంతటికీ వర్తించే ప్రసూతి సౌకర్యాల చట్టం 1961లో, బోనస్ చట్టం 1965లో, గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చాయి. అంటే కొన్ని విషయాల్లో సంస్థ చట్టం కంటే ముప్పై ఏళ్లకు పైగా ముందుంది.

కుడి పక్కన మరో వరుస రాయండి. 1920 ఫిబ్రవరి, మార్చి నెలల్లో సమ్మె, పోలీసు కాల్పులు, ప్రాణనష్టం. ఆ సమ్మెలోనే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టింది. 1922లో మరో సమ్మె. 1928లో నెలల తరబడి సమ్మె, లాకౌట్. 1958లో మళ్లీ సమ్మె.

సంస్థ ఉత్సవాల్లో ఎడమ పక్క వినిపిస్తుంది. కార్మికోద్యమ చరిత్రల్లో కుడి పక్క వినిపిస్తుంది. రెండూ నిజమే. వాటిని ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చదవడం మన పని. అలాగని 1920 రెండు వైపులా ఉంది కదా అని సమ్మె వల్లే సౌకర్యాలు వచ్చాయని వెంటనే తేల్చేయకండి. ఒకే ఏడాది జరగడం కారణానికి రుజువు కాదు. పరీక్ష పత్రాల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. ఎనిమిది గంటల పనినే చూడండి. అది 1912లో, ఏ సమ్మెకూ ముందే వచ్చింది. 1911 ఫ్యాక్టరీల చట్టం వయోజన పురుషులకు పన్నెండు గంటల పరిమితి పెట్టింది బట్టల మిల్లుల్లోనే. ఇతర ఫ్యాక్టరీల్లో వారికి ఆ పరిమితి కూడా లేదు. పైగా జంషెడ్‌పూర్‌కు సాంకేతిక సలహాదారులు అమెరికావారు. వారి దేశపు ఉక్కు పరిశ్రమలో పన్నెండు గంటల పని 1923 దాకా పోలేదు. అక్కడ 1919లో జరిగిన పెద్ద సమ్మె కూడా ఓడిపోయింది. ఆ నిపుణులు ఇక్కడికి తెచ్చింది ఫర్నేసుల పద్ధతిని. పనిగంటల పద్ధతి వేరే చోటి నుంచి వచ్చింది. ఫర్నేసు రాత్రీ పగలూ ఆగదు కనుక రోజును రెండుగానో మూడుగానో విభజించక తప్పదు. మూడుగా విభజించడం యాజమాన్యం ఎంపిక.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎడమ జాబితాలోని ఏ అంశాలు కార్మికుల కొరత వల్ల, ఏవి యాజమాన్యపు ఎంపిక వల్ల, ఏవి ఒత్తిడి వల్ల వచ్చి ఉండవచ్చు? ఒక్కో దానికి ఎలాంటి ఆధారం దొరికితే మీ అభిప్రాయం మార్చుకుంటారు?

1920ల పోరాటాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో జంషెడ్‌పూర్ పట్టాలు మెసపొటేమియాకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లాయి. యుద్ధానంతరం 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కంపెనీ లాభాలు గడించింది, కార్మికుడికి మాత్రం బియ్యం, బట్ట పిరమయ్యాయి. పక్కనే ఒప్పందం మీద వచ్చిన విదేశీ నిపుణుడు తనకంటే ఎన్నో రెట్ల జీతం తీసుకుంటున్నాడు. 1920 సమ్మె వెనుక ఆకలి ఎంత ఉందో ఈ అవమానం కూడా అంత ఉందని నేననుకుంటాను. 1921లో సాంకేతిక శిక్షణ సంస్థ తెరిచి భారతీయులకు ఉక్కు పని నేర్పడం మొదలుపెట్టాక కానీ ఆ ఎడం తగ్గే దారి పడలేదు.

1922 సమ్మె కార్మికులకు కలిసిరాలేదు. సంఘం కార్యదర్శిని పనిలోంచి తీసేశారు. అయితే 1924 నాటికి కంపెనీ పరిస్థితి తలకిందులైంది. విదేశీ ఉక్కు చవకగా వచ్చి పడుతుంటే రక్షణ సుంకాలు కావాలని కంపెనీ కేంద్ర శాసనసభను ఆశ్రయించింది. అక్కడున్న జాతీయవాద సభ్యులు సాయం చేయడానికి సిద్ధమే, కానీ ప్రజల డబ్బుతో నిలబడే కంపెనీ తన కార్మికులతో ఎలా ఉంటుందన్న ప్రశ్న కూడా ముందుకొచ్చింది. చిత్తరంజన్ దాస్, సి.ఎఫ్. ఆండ్రూస్ వంటివారు మధ్యవర్తిత్వంలో పాల్గొన్నారు. 1925 ఆగస్టులో గాంధీజీ జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు ఆర్.డి. టాటా సంఘాన్ని గుర్తించడానికి, తీసేసిన కార్యదర్శిని తిరిగి తీసుకోవడానికి అంగీకరించాడు.

ఈ ఘట్టాన్ని కాస్త నిదానంగా చదవండి. సమ్మె ఓడిపోయింది, మూడేళ్ల తర్వాత దాని ముఖ్యమైన కోరిక నెరవేరింది. మధ్యలో మారింది కార్మికుల బలం కాదు, కంపెనీకి బయటివారితో పడిన అవసరం. పని సంస్కృతి ఫ్యాక్టరీ గోడల లోపలే తయారవుతుందనుకుంటే ఈ మలుపు మనకు కనిపించదు.

1928లో మళ్లీ తుఫాను రేగింది. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడితో కంపెనీ కార్మికుల సంఖ్య తగ్గించడానికి పూనుకుంది. సమ్మె, లాకౌట్ నెలల పాటు సాగాయి. ఆగస్టులో సుభాష్ చంద్రబోస్ వచ్చి నాయకత్వం చేపట్టాడు, సెప్టెంబరు 12న ఒప్పందం కుదిరింది. చాలామంది కార్మికులకు అది నచ్చలేదు. బోస్ తమకు తక్కువే ఇప్పించాడని మానెక్ హోమీ నాయకత్వంలో వారు వేరే సంఘం, లేబర్ ఫెడరేషన్, పెట్టుకున్నారు. కార్మికులు ఒక్క మాట మీద ఉన్నారని రాసే పుస్తకాలు ఈ చీలికను దాటేస్తాయి. బోస్ తర్వాత కూడా కొన్నేళ్లు లేబర్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉండి, విదేశీయుల స్థానంలో భారతీయులను నియమించాలని కంపెనీని పట్టుబట్టాడు.

ఒప్పందం అలవాటుగా మారడం

1937 నుంచి అబ్దుల్ బారీ సంఘాన్ని తిరిగి కట్టాడు. దాని పేరు టాటా వర్కర్స్ యూనియన్ అయింది. 1947 మార్చిలో బారీ హత్యకు గురయ్యాక మైఖేల్ జాన్ అధ్యక్షుడై మూడు దశాబ్దాలు కొనసాగాడు. ఇటు యాజమాన్యంలో జె.ఆర్.డి. టాటా 1943లో ఒక నోటు రాశాడు. యంత్రాలను చూసుకోవడానికి విభాగాలున్నాయి, వేలమంది మనుషుల సంగతి చూసుకోవడానికి మాత్రం సరైన విభాగం లేదన్నది దాని సారం. 1947లో పర్సనల్ విభాగం ఏర్పడింది. 1956 జనవరిలో కంపెనీ, యూనియన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆధునికీకరణకు యూనియన్ ఒప్పుకుంది. దానివల్ల ఉన్నవారి ఉద్యోగాలు తీయబోమని కంపెనీ ఒప్పుకుంది. విభాగాల స్థాయి నుంచి పైదాకా ఇరుపక్షాలూ కూర్చునే ఉమ్మడి మండళ్లు ఏర్పడ్డాయి.

రెండేళ్లకు కంపెనీ స్వర్ణోత్సవం. 1958 మార్చి 1న నెహ్రూ వచ్చి జూబ్లీ పార్కును ప్రారంభించాడు. మే నెలలో సమ్మె జరిగింది. గుర్తింపు పొందిన యూనియన్‌ను కాదని, కమ్యూనిస్టుల నాయకత్వంలోని మరో సంఘం ఆ సమ్మె నడిపింది. చివరికి సైన్యాన్ని రప్పించారు. కాగితం మీద ఒప్పందం ఉన్నంత మాత్రాన అది అందరి మనసుల్లో ఒప్పందం కాలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ తర్వాత దశాబ్దాల్లో మాత్రం పెద్ద సమ్మెలు లేకుండా గడిచింది. ఎందుకు? ఉమ్మడి మండళ్లు కొంత కారణం. అణచివేత జ్ఞాపకం కొంత కారణం. నాకు వీటికంటే బలంగా కనిపించే కారణం కుటుంబం. కార్మికుడి కొడుక్కి ఉద్యోగంలో ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి స్థిరపడింది. తండ్రి కంపెనీ క్వార్టర్లో ఉంటాడు, బిడ్డ కంపెనీ ఆసుపత్రిలో పుడతాడు, కంపెనీ మైదానంలో ఆడుకుంటాడు, పెద్దయ్యాక అదే గేటులోకి నడుస్తాడు. అలాంటివాడికి పని సంస్కృతిని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ఏటా మార్చి 3న జంషెడ్‌జీ పుట్టినరోజుకు ఊరంతా దీపాలు వెలిగితే అది అతడికి కంపెనీ కార్యక్రమంగా కాక ఊరి పండుగగా అనిపిస్తుంది. మన సింగరేణి గనుల్లో 'వారసత్వ ఉద్యోగం' అన్న మాట ఎంత బరువైనదో తెలిసినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

జాబితా బయట ఉన్నవారు

ఇంతవరకు చెప్పినదంతా కంపెనీ హాజరుపట్టీలో పేరున్నవారి కథ. సాక్చీ చుట్టుపక్కల నేల సంతాలులు, హో, భూమిజులు వంటి ఆదివాసులది. కర్మాగారం లేచాక వారిలో చాలామందికి దక్కింది మట్టి తవ్వడం, బొగ్గు మోయడం వంటి రోజుకూలీ పనులే. ఇటుకలు, మట్టి తట్టలు మోసిన స్త్రీలను అక్కడ 'రేజా' అంటారు. కాంట్రాక్టరు కింద పనిచేసేవారికి మనం ఎడమ పక్క రాసుకున్న సౌకర్యాలు సాధారణంగా వర్తించలేదు. ఒకే ఫర్నేసు నీడలో రెండు పని సంస్కృతులు నడిచాయన్న మాట. ఒకదానిలో సెలవు హక్కు, రెండోదానిలో పనికి రాకపోతే ఆ రోజు కూలి పోతుంది.

ఈ గీత ఆర్థిక సంస్కరణల తర్వాత మరింత ముఖ్యమైంది. 1990ల తొలినాళ్లలో కంపెనీలో డెబ్బై వేలకు పైగా ఉద్యోగులుండేవారు. తర్వాతి పదిహేనేళ్లలో ఆ సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఎవరినీ బలవంతంగా గెంటేయలేదు. ముందుగానే ఉద్యోగం వదులుకోవడానికి ఒప్పుకున్నవారికి నెలనెలా కొంత మొత్తం చాలా ఏళ్లపాటు అందే పథకం పెట్టారు. 1956లో ఇచ్చిన మాట ఆ విధంగా నిలబడింది. కానీ ఖాళీ అయిన చోట్లలో కొడుకులను తీసుకోలేదు. మానవ సంబంధాల పరిభాషలో దీన్ని సాఫీగా జరిగిన తగ్గింపు అంటారు. ఇంట్లో కూర్చుని చూస్తే, తండ్రికి అన్యాయం జరగలేదు, కొడుక్కి ఉద్యోగం రాలేదు. అలాంటి కొడుకుల్లో కొందరు కాంట్రాక్టరు దగ్గర చేరి తండ్రి పనిచేసిన కర్మాగారంలోనే, తండ్రికి దక్కిన హక్కులు లేకుండా పనిచేశారు. కంపెనీ ప్రకటనల్లోనూ, ఉత్సవాల్లోనూ వినిపించే సంప్రదాయం వీరికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

అభ్యాసం

మీరు పనిచేస్తున్న చోట, లేదా మీ ఇంట్లోవారు పనిచేసిన చోట, ఎక్కడా రాసి లేని ఒక పద్ధతిని ఎంచుకోండి. అక్కడ ఎక్కువ కాలం పనిచేసిన ఇద్దరిని, వీలైతే ఒక పై అధికారిని, ఒక కాంట్రాక్టు ఉద్యోగిని, అది ఎప్పుడు, ఎలా మొదలైందో అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెప్పరు. ఆ తేడాను రెండు పుటల్లో రాసి తదుపరి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి. పేర్లు మాత్రం రాయకండి.